నా గుండెకు పాళెం పెట్టిన దురాయి

పంతొమ్మిదివందల అరవై ఒకటి, వానలు వెనకబట్టాక

మొదట నేను నేరాన్ని సైకిలు మీద మోపాను. సముద్రం ఒడ్డున ఉన్న మా పాళెం నుంచి, నేను పాఠాలు చెప్పే కోట ఊరి హైస్కూలుకు పోవాలంటే కొంత దూరం ఇసుకలో సైకిలును నెట్టుకుపోయి, కాలువ దగ్గర పడవ ఎక్కించి, అవతలి గట్టు మీద నుంచి తొక్కాలి. కొన్నేళ్ళుగా చేస్తున్న పనే. ఆ ఏడు మాత్రం గట్టెక్కేసరికి రొప్పు మొదలయ్యేది. చెయినుకు నూనె వేయించాను. టైర్లు మార్పించాను. చివరికి సైకిలు కొత్తదానిలా తయారైంది, నేను మాత్రం పాతబడుతూ వచ్చాను.

క్లాసులో నేరాన్ని పాఠం మీద మోపాను. పానిపట్టు యుద్ధం చెబుతూ మధ్యమధ్య ఆగి గాలి పీల్చుకుంటుంటే, అది చచ్చిపోయిన సైనికుల మీద నాకున్న బాధ అనుకున్నారు పిలకాయలు. ఆ ఏడాది చరిత్రలో మార్కులు బాగా వచ్చాయి.

పడుకుంటే తడిసిన వలను ఎవరో రొమ్ము మీద పడేసినట్టుండేది. లేచి కూర్చుంటే కాస్త నయం. నా భార్య మంగమ్మ వీపు కింద ముందు ఒక దిండు పెట్టింది, తర్వాత రెండు పెట్టింది, ఆఖరికి దిండ్లు చాలక పాత వల మూట కట్టి పెట్టింది. ఒకరోజు దగ్గితే చేతిగుడ్డ మీద ఎర్రగా పడింది. తాంబూలం వేసుకున్నానని చెప్పాను.

"నువ్వు ఆకేసుకోవు గదా బావా," అంది.

అబద్ధమాడటంలో నాకు అభ్యాసం తక్కువ.

మంగమ్మ మా మేనమామ కూతురు, అందుకే నన్ను బావా అంటుంది. మా అన్న పోలయ్యను పెద్దబావా అంటుంది. మా ఇంట్లో మగవాళ్ళంతా సముద్రం మీద వేటకు పోయేవాళ్ళే. నేనొక్కణ్ణే ఒడ్డున మిగిలి బి.ఏ. చదివాను. చిన్నప్పుడు మోకాళ్ళూ మోచేతులూ వాచి, జ్వరంతో చాలాకాలం మంచం పట్టాను. వాపు తగ్గింది గాని, పడవ లాగడానికి నేను పనికిరానని మా నాయన తేల్చేశాడు. పనికిరాని వాణ్ణి ఏం చేసుకోవాలో తెలియక బడికి పంపాడు.

నెల్లూరులో డాక్టరుగారు నా రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. అంతసేపు నన్ను ఎవరూ ఎప్పుడూ శ్రద్ధగా విన్నది లేదు.

"చిన్నప్పుడు కీళ్ళు వాచాయా?" అని అడిగారు.

"వాచాయండి. ఎప్పుడో తగ్గిపోయాయి."

"కీళ్ళకు తగ్గింది మాస్టారూ. పోతూ పోతూ అది గుండెను పట్టుకుంది."

ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గుండెలో పై గదికీ కింది గదికీ మధ్య ఒక తలుపు ఉంది. ఆనాటి జ్వరం దాని రెక్కల్ని ఒకదానికొకటి అంటించేసింది. నెత్తురు కిందికి పోవడానికి సన్నటి సందు మిగిలింది. ఇంటికొచ్చి మా వాళ్ళకు దీన్ని మా భాషలో చెప్పాను. ఏరు సముద్రంలో కలిసేచోటును మేం మొగ అంటాం. ఎండాకాలం ఇసుక మేటవేసి మొగ పూడితే, నీళ్ళు వెనక్కి తన్ని చేలల్లోకి ఎక్కుతాయి. నా గుండెలో మొగ పూడింది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతున్నాయి.

మా అన్న చాలాసేపు తల ఊపి, "పారలు పట్టుకోని పోయి తవ్వేదానికి లేదు గదరా," అన్నాడు. అప్పటికి లేదనే అనుకున్నాం.

అరవై రెండు

ఆ ఏడాదంతా మాత్రలు. గుండె నెమ్మదిగా కొట్టుకోవడానికొకటి, ఒంట్లో నీరు పోవడానికొకటి. మెట్లు ఎక్కకూడదు, బరువు ఎత్తకూడదు, కోపం తెచ్చుకోకూడదు. హైస్కూలు మాస్టరుకు కోపం తెచ్చుకోకూడదని చెప్పిన డాక్టరు ఎప్పుడూ హైస్కూల్లో అడుగుపెట్టి ఉండరు.

ఉప్పు కూడా మానేయమన్నారు. ముందు సముద్రం, వెనక ఉప్పుకొఠార్లు, ఇంటి కప్పు మీద ఎండుచేపలు. ఉప్పు మానడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. మంగమ్మ ఉప్పు లేకుండా చేపల పులుసు పెట్టేది. దాని రుచి గురించి ఏమీ రాయను, ఆమె ఇది చదివించుకుని వింటుంది. ఆమె కూడా ఏడాది పొడుగునా ఆ పులుసే తిన్నదని మా వదిన చెబితే గాని నాకు తెలియలేదు. ఎందుకని అడిగాను.

"ఒక ఇంట్లో రెండు కుండలు ఎవురు పెడతారు?" అంది. 

ఏడాది తిరిగేసరికి పాదాలు వాచాయి. గట్టు సంగతి వదిలేయండి, పంచె కట్టుకుంటేనే రొప్పు వచ్చేది. బడికి సెలవు పెట్టాను. నెల్లూరు డాక్టరుగారు మద్రాసులో ఒక పెద్ద సర్జనుకు చీటీ రాసిచ్చారు. గూడూరులో రైలెక్కి నేనూ మంగమ్మా పోయాం.

ఆ ఆసుపత్రి వరండాలో బెంచీల మీద ఎన్ని ఊళ్ళ ఆయాసాలో కూర్చుని ఉన్నాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడరు, పక్కవాళ్ళ పాదాలు చూస్తారు. ఎవరి పాదాలు ఎంత వాచాయో చూసుకుని, మనకంటే ఎక్కువ వాచినవాళ్ళు కనిపిస్తే ధైర్యం తెచ్చుకుంటారు. నన్ను చూసి ఆరోజు చాలామంది ధైర్యం తెచ్చుకున్నారు.

సర్జనుగారు మాట తక్కువ మనిషి. ఆయనది తెలుగే, కాకపోతే మద్రాసులో నానిన తెలుగు.

"మూడు దార్లున్నాయి మాస్టారూ," అన్నారు. "ఒకటి, ఇట్లాగే మాత్రలతో, కుర్చీలో కూర్చుని, జరిగినన్నాళ్ళు జరపడం. రెండు, పక్కటెముకల మధ్య కోసి, కొట్టుకుంటున్న గుండెలోకి నా వేలు పెట్టి, అంటుకున్న రెక్కలను విడదీయడం. కంటికి కనపడదు, వేలికి తగిలిందే లెక్క. మూడు, గుండెను కాసేపు ఆపి, దాని పని ఒక యంత్రానికి అప్పజెప్పి, తెరిచి కళ్ళతో చూస్తూ బాగుచేయడం. అది మేం ఇక్కడ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం."

"నేర్చుకోవడం అయ్యాక వస్తే?" అన్నాను.

"మంచిదే. అప్పటికి మీరుండాలి."

రెండో దారిలో ఎంతమంది బతుకుతారని అడిగాను. "ఎక్కువమందే. లెక్క మాత్రం చెప్పను. చెబితే మీరు మిగతావాళ్ళను గురించే ఆలోచిస్తారు," అన్నారు. చెప్పకపోయినా వాళ్ళను గురించే ఆలోచించాను.

అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ మంగమ్మ ముందుకొచ్చింది. "వేలు పెడితే తెరుచుకుంటాది సరే. మళ్ళా మూసుకోదా అయ్యా?"

ఆయన ఆమెవైపు తిరిగి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. "మూసుకోవచ్చమ్మా. కొందరికి కొన్నేళ్ళకు మళ్ళీ బిగుసుకుంటుంది. కొందరికి అంత త్వరగా కాదు. నేను దాన్ని కొత్తది చేయలేను. ఉన్నదాన్ని తెరవగలను, అంతే."

రైల్లో తిరిగొస్తూ మంగమ్మ, "ఆయన అబద్ధం చెప్పలా. ఆయన చేతిలోనే పడదాం," అంది. నేను కిటికీలోంచి తాటిచెట్లు చూస్తూ కూర్చున్నాను. సరే అననూ లేదు, కాదననూ లేదు.

అరవై మూడు, మాఘమాసం

ఆపరేషనుకు రోజు ఇచ్చారు. ముందుగా వచ్చి వార్డులో చేరమన్నారు. రక్తం ఇవ్వడానికి బంధువుల్ని తెచ్చుకోమన్నారు. ఇచ్చిన రక్తం సరిపడినా సరిపడకపోయినా బ్యాంకులో వేసుకుని, మనకు సరిపడేది మనకిస్తారు. మా అన్న, మంగమ్మ నాతో వచ్చారు.

నా పక్క మంచం అల్లూరు రెడ్డిగారిది. మాగాణి రైతు, నా జబ్బే, నాకంటే వయసులో పెద్ద. ఆయన రోజుకొకసారి మనసు మార్చుకునేవారు.

"ఏం మాస్టరూ, ఆయన వేలు పెట్టేదానికి మన గుండెకాయేమన్నా పెరుగు కుండా, మీగడ కట్టిందో లేదో చూసుకునేదానికి?" అనేవారు పొద్దున. సాయంత్రానికి మెత్తబడి, "అయినా ఆ డాక్టరు చేతులు సన్నంగానే ఉండాయిలే," అనేవారు.

ఆపరేషను రెండ్రోజుల్లో ఉందనగా నాకు జ్వరం తగిలింది, దగ్గు పట్టుకుంది. సర్జనుగారు వచ్చి విని, "కఫం పోయేదాకా కత్తి పట్టను. వారం కావచ్చు, ఎక్కువా కావచ్చు," అని వెళ్ళిపోయారు.

నా మొహంలో సంతోషం కనపడకుండా ఇంకొంచెం దగ్గాను. చూస్తే మా అన్న మొహం పాలిపోయి ఉంది.

"ఏందన్నా, ఇంకో వారం బతుకుతానని బాధగా ఉండాదా?"

"కాదురా," అన్నాడు మా అన్న, మంచం పట్టె గీకుతూ. "దురాయి పెట్టినాం."

"ఎవురి మీద?"

"సముద్రం మీద."

దురాయి అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. మా పాళెంలో ఊరిపెద్ద, అంటే పెదకాపు ముందు నిలబడి, ఫలానా పని ఎవరూ చేయకూడదని ఊరి పేర ఆన పెడితే అది దురాయి. ఆ తర్వాత ఆ పని ఎవరూ చేయరు. పోలీసులక్కర్లేదు, జరిమానా అక్కర్లేదు. తగాదా వస్తే పెడతారు, చావు జరిగితే పెడతారు. పెట్టించినవాడే మళ్ళీ వచ్చి, అదే ఒడ్డున, పెదకాపు ముందు నిలబడి ఎత్తేయాలి. ఉత్తరమూ పనికిరాదు, టెలిగ్రామూ పనికిరాదు. కళ్ళలో కళ్ళు పెట్టి చెప్పాలి.

మేం బయలుదేరే ముందు మా అన్న ఊరి కూటంలో నా సంగతి చెప్పాడట. రక్తం కావాలంటున్నారు, ఎంత కావాలో తెలీదు అన్నాడట. మగవాళ్ళు వేట మీదుంటే కబురొచ్చినా అందదు. అందుకని, నా ఆపరేషను అయ్యి మా అన్న తిరిగొచ్చేదాకా ఒక్క పడవా నీళ్ళలోకి దిగకూడదని, మగాళ్ళంతా ఒడ్డునే ఉండాలని దురాయి పెట్టారు. వారం రోజుల మాటే గదా అనుకున్నారు. సర్జను రోజు చెప్పాక అది మారుతుందని మా పాళెంలో ఎవరికీ తోచలేదు. పున్నమి వాయిదా పడుతుందా?

మాఘం అంటే మా దగ్గర వేట బాగా సాగే కాలం. సముద్రం సర్దుకుని ఉంటుంది, చేపలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. చేపలు వస్తుంటే చూస్తూ ఊరంతా ఇసుకలో కూర్చుని ఉంది. నా గుండెలో ఒక తలుపు బిగుసుకుంటే ఊరందరి పొయ్యిలూ ఆరిపోయాయి. జీవితంలో నేను ఇంత ముఖ్యుణ్ణి అవుతానని అనుకోలేదు.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఎంత గొప్పదంటే, చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

"అన్నా, ఇంటికి పోదాం. ఆపరేషనే వొద్దంటే దురాయే ఉండదు గదా. నా ఒక్కడి కోసం ఆడ పిలకాయలు పస్తులుండటం నాకు ఇష్టం లేదు. మాత్రలు ఉండనే ఉండాయి."

మా అన్న నోరు తెరిచాడు. అతను ఒప్పుకునేవాడే, అతనిదీ నా రక్తమే. మంగమ్మ గ్లాసులో గంజి చల్లారుస్తోంది. గ్లాసు కింద పెట్టింది.

"బావా, ఊరోళ్ళ ఆకలి మీద నీ బయం కప్పుకోబాక."

రెడ్డిగారు అటు తిరిగి పడుకున్నారు. నిద్రపోతున్నట్టు గురక కూడా పెట్టారు.

"నాకేం బయం?" అన్నాను.

"బయం లేకుంటే దగ్గు తగ్గించుకో. పెద్దబావా, నువ్వు పో. పోయి దురాయి ఎత్తేసి రా. ఈడ నేనుండాను."

"ఈలోపల పిలిస్తేనో? మగ మనిషి లేకుండా..." అన్నాడు మా అన్న.

"పిలిస్తే ఆపరేషను కాయితం మీద నేను యేలిముద్ర ఏస్తా. నాకూ యేలుండాది."

మా అన్న ఆ సాయంత్రం రైలుకే పోయాడు.  ఆమె గంజి తాగించింది, నేను తాగాను. ఇంత నిజం చెప్పిన మనిషితో వెంటనే మాట్లాడటం కష్టం.

జ్వరం నా మాట వినలేదు, తగ్గిపోయింది. దగ్గూ తగ్గింది. ఆ రోజుల్లోనే వార్డు చివరి మంచం మీది కుర్రాణ్ణి ఆపరేషనుకు తీసుకుపోయారు. మంచం మీద దుప్పటి మార్చి ఉంచారు. మర్నాడు ఆ దుప్పటి మీద వేరే మనిషి పడుకున్నాడు.  రెడ్డిగారు ఆరోజే కొడుకుల్ని పిలిపించుకుని కారు తెమ్మన్నారు.

"యంత్రమొచ్చినాక వస్తా మాస్టరూ. నువ్వు కూడా యోచన చెయ్యి," అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. నా దగ్గర మిగిలిన ఆపిల్ పళ్ళు ఆయన సంచిలో వేశాను. ఆయన తన విసనకర్ర నాకిచ్చిపోయారు. మరుసటి ఏడు ఆయన పోయారని విన్నాను. ఆయన తప్పు చేశారని నేననను. నాది నెగ్గింది కనుక ఈ మాట రాస్తున్నాను, ఆ చివరి మంచం కుర్రాడు రాయలేడు.

కారు పోయిన రెండో రోజున సర్జనుగారు వచ్చి నా వీపు మీద విని, "రేపు ఉదయం," అన్నారు.

మా అన్న ఇంకా రాలేదు.

వార్డు నర్సమ్మ వచ్చి రక్తం ఇచ్చేవాళ్ళేరీ అని అడిగింది. మంగమ్మ చెయ్యి చాపింది. నర్సమ్మ ఆమె మొహమూ చెయ్యీ చూసి, "నీ ఒక్కదానిది చాలదమ్మా," అంది. "చాలిందాకా తీసుకోండి," అంది మంగమ్మ. తీసుకోగలిగినంత తీసుకుని, పాలిచ్చి, కూర్చోబెట్టారు. సాయంత్రంలోగా మిగతావాళ్ళు రాకపోతే వాయిదా వేయాల్సి వస్తుందని చెప్పారు. మళ్ళీ వాయిదా. ఈసారి నేను దగ్గలేదు. సంతోషమూ కలగలేదు. పాళెం నుంచి రావలసిన రైలు ఎక్కడుందో లెక్కలు వేస్తూ పడుకున్నాను. అప్పటికి నాకు ఏం కావాలో కొంత తెలిసొచ్చినట్టుంది.

పొద్దు వాలుతుండగా గేటు దగ్గర గోల వినిపించింది. మా వాళ్ళు ఒక పడవ నుంచి ఇంకో పడవకు, అలల మీదుగా మాట్లాడి అలవాటైనవాళ్ళు. చెవిలో రహస్యం చెప్పినా రెండు వీధులకు తెలుస్తుంది. కాపలావాడు తమిళంలో అరుస్తున్నాడు, మా పెదకాపు తెలుగులో అరుస్తున్నాడు. ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు: నువ్వెవరు?

మా అన్న ముందు, వెనక పాళెంలోని మగవాళ్ళు వరండా నిండా నిలబడ్డారు. వార్డంతా ఉప్పు వాసన కొట్టింది. ఏడాదికి పైగా ఉప్పు మానినవాడికి ఆ వాసనే విందు భోజనం.

"దురాయి ఏమైందన్నా?"

"ఎత్తేసినా. ఎత్తేసినాక ఒక్క పడవా దిగలా. అందురూ నాతో రైలెక్కినారు," అన్నాడు మా అన్న. దాన్ని ఒక నేరంలాగా చెప్పాడు.

పెదకాపు నాకు వరసకు మామ. మంచం దగ్గరికొచ్చి, "ఒరే అల్లుడా, ఈడ పండుకోని మా గురించి బాధ పడబాక. మేం కడుపు నిండా తింటానే ఉండాం," అన్నాడు. ఆయన దవడలు లోపలికి పోయి ఉన్నాయి. నేను నమ్మినట్టు తల ఊపాను. పెద్దవాళ్ళు అబద్ధం ఆడేటప్పుడు సాయం చేయాలి.

రక్తం ఇచ్చేటప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. మా గోవిందు అని ఒకడున్నాడు, గాలివానలో బోర్లాపడిన పడవ మీద కూర్చుని తెల్లారేదాకా పాటలు పాడినవాడు. సూది చూసి కళ్ళు తేలేసి స్పృహ తప్పాడు. లేచాక, "కాలు జారింది," అన్నాడు. సూది చూసినప్పుడు వాడు మంచం మీద పడుకునే ఉన్నాడు. అందరూ కలిసి ఇచ్చిన రక్తం నాకు చాలి, వార్డులో ఇంకెవరికో కూడా పోయింది.

ఆపరేషను

పొద్దున తెల్ల బట్టలు కట్టించి తోపుడుబండి ఎక్కించారు. మంగమ్మ వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా తలకు రాసుకుంది.  నేను ఏదో ఒకటి అనాలని చూశాను. నా జీవితంలో మాట దొరకని సందర్భాలు తక్కువ, అది వాటిలో పెద్దది.

లోపల సర్జనుగారు చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు. అప్పటికి మాట దొరికింది.

"గోళ్ళు తీసుకున్నారా సార్?"

ఆయన నవ్వలేదు. చూపుడువేలు నా కళ్ళ ముందుకు తెచ్చి, దగ్గరగా చూపించారు. "పొద్దున్నే తీశాను," అన్నారు. ఆ వేలును చూస్తూ మత్తులోకి పోయాను.

తర్వాత జరిగింది మా అన్న చెప్పగా విన్నది. ఆసుపత్రివాళ్ళు బెంచీలు చూపించినా మావాళ్ళెవరూ కూర్చోలేదట. పడవ రావడం ఆలస్యమైతే ఒడ్డున ఉన్నవాళ్ళు కూర్చోకూడదని మాకొక పట్టింపు. నిలబడే ఉన్నారు. మంగమ్మ రక్తమిచ్చిన మనిషి, ఆమె కూడా గోడకానుకోకుండా నిలబడిందట. చాలాసేపటికి సర్జనుగారు బయటికొచ్చారు.

పెదకాపు ఎదురుపోయి, "తెరిచినారా దొరా?" అన్నాడట.

"తెరిచాను."

"పారిందా?"

ఆయనకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత, "పారింది," అన్నారట. అప్పుడు అందరూ ఒక్కసారిగా కింద కూర్చున్నారు.

ఆ తర్వాత

మెలకువ వచ్చినప్పుడు మొదట తెలిసింది నొప్పి. ఎడమపక్కన ఎవరో పడవ ఆనించి పెట్టినట్టుంది. నొప్పి లేదని చెప్పేవాళ్ళను నమ్మకండి. రెండోది తెలియడానికి కొంతసేపు పట్టింది. చెవుల్లో ఏడాదికి పైగా మోగుతున్న చప్పుడు ఒకటి లేదు. ఏ చప్పుడా అని వెతికాను. అది నా ఊపిరి. ఊపిరి తీస్తున్నాను, వినపడటం లేదు.

నర్సమ్మ వచ్చి దగ్గమంది. ఇంతకాలం దగ్గవద్దని తిన్న తిట్లు చాలక, ఇప్పుడు దగ్గమని తిట్లు. కోసినచోట దిండు అదిమిపట్టుకుని దగ్గాలి. ప్రతి దగ్గుకూ మా తాతముత్తాతలు కనిపించేవారు. ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి గొట్టంతో నీళ్ళు ఊదమనేవారు. బి.ఏ. చదివినవాడు సీసాలు ఊదుతుంటే మా గోవిందు చూసి, "దీనికేనా అంత చదువు?" అన్నాడు.

మంగమ్మ నా వీపు కింది దిండ్లు ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చింది. ఒక రోజు మధ్యాహ్నం చూసుకుంటే చాప మీద పడ్డ చేపలాగా సాపుగా పడుకుని ఉన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకుంటోంది. జలుబేమోనని అడిగాను. కాదంది.

ఇంటికొచ్చాక జరిగేది ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను. ఒళ్ళు బాగుపడుతుంటే మనసు పాడవుతుంది. ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చేది. అన్నం చూస్తే ఏడుపు, అన్నం తీసేస్తే ఏడుపు. మా అన్న నన్ను చెంబు ఎత్తనిచ్చేవాడు కాదు, ఒకరోజు చెంబు కోసం ఇద్దరం కొట్టుకున్నంత పని చేశాం. "నీ రొమ్ములో దారప్పోగులుండాయి, తెగిపోతాయి!" అని అతను, "నా రొమ్ము, నా ఇష్టం!" అని నేను. అది కొన్ని వారాలుంటుంది, పోతుంది. నాకూ పోయింది.

పోనిది ఒకటుంది. రక్తమిచ్చిన ప్రతివాడికీ నా మీద హక్కొచ్చింది. నాకు కోపమొస్తే పెదకాపు, "అది గోవిందు నెత్తురు, నీ తప్పు లేదులే," అంటాడు. ఎవరిదైనా అర్జీ రాయనంటే, "మా రక్తమే మాకు కాకపోతే ఎట్టా?" అంటారు. ఊరందరికీ రక్తసంబంధీకుణ్ణయిపోయాను. వేసవి సెలవులయ్యాక బడికి పోయాను. గట్టెక్కి వెనక్కి తిరిగి చూశాను. రొప్పు లేదు. తప్పు సైకిలుది కాదని అప్పుడు పూర్తిగా నమ్మకం కుదిరింది.

ఇప్పుడు, అరవై ఎనిమిది

నెలకొక ఇంజెక్షను వేయించుకుంటాను, కీళ్ళజ్వరం మళ్ళీ రాకుండా. ఈ మధ్య మద్రాసుకు పోతే సర్జనుగారు చాలాసేపు విని, "తెరిచే ఉంది. అప్పటికంటే కొంచెం బిగుసుకున్నట్టుంది. చూద్దాం," అన్నారు. మంగమ్మ అడిగిన ప్రశ్నకు ఆయన ఆనాడు చెప్పిన జవాబే అది, ఏళ్ళు గడిచాక నా దాకా వచ్చింది. యంత్రం ఇప్పుడు నడుస్తోందట. నేను ఇప్పుడైతే ఉన్నాను.

పోయిన నెలలో ముత్తుకూరు నుంచి ఒక ఆవిడ, భర్తను ఎడ్లబండిలో పడుకోబెట్టుకుని వచ్చింది. ఎవరో నా సంగతి చెప్పారట. అతనికీ అదే జబ్బు, అదే ఆయాసం, అవే వాచిన పాదాలు. డాక్టర్లు చెప్పారు, అతను ఒప్పుకోవడం లేదు. నా మచ్చ చూడాలన్నాడు. చొక్కా తీసి చూపించాను. వెల్లకిలా పడుకునే దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

"నొప్పి పుట్టిందా అన్నా?"

"పుట్టింది."

"బయమేసిందా?"

"ఏసింది. ఇప్పుడు అడిగినా ఏస్తాది."

"మరి ఎట్టా ఒప్పుకున్నావు?"

ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాను. ధైర్యం గురించి నాలుగు వాక్యాలు మనసులో కూర్చుకుంటున్నాను, నేను మాస్టర్ని, అలాంటివి నాకు వస్తాయి. ఈలోగా మంగమ్మ అతనికి మజ్జిగ తెచ్చి, బండి చక్రం పక్కన నిలబడి చెప్పింది.

"యాడ ఒప్పుకున్నాడు నాయనా. కడదాకా ఒప్పుకోలా. ఊరకే బండి మీద పడుకున్నాడు. తోసుకోని పోయినాం. నువ్వూ అంతమటుకు చెయ్యి, చాలు."